స్థానిక సమస్యలు పరిష్కరించే కొత్త నాయకుల్ని తయారు చేయడం: పన్నెండు వారాల పద్ధతి

"మా దగ్గర ఉత్సాహం ఉన్నవాళ్లు పదిమంది ఉన్నారు, వాళ్లకు లీడర్‌షిప్ ట్రైనింగ్ ఇద్దామనుకుంటున్నాం, ఏం చెప్పాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెప్తూ పోవడం కన్నా మొత్తం వరసగా రాసేస్తే నయమనిపించింది.

అసలు "ఏం చెప్పాలి" అన్న ప్రశ్న దగ్గరే చాలా ట్రైనింగులు దారి తప్పుతాయి. రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్ పెట్టి, నాయకత్వ లక్షణాలన్నీ వల్లె వేయించి, సర్టిఫికెట్ ఇచ్చి పంపిస్తే వాళ్లు దాన్ని తీసుకెళ్లి బీరువాలో పెట్టుకుంటారు, వీధిలో గుంత మాత్రం అలాగే ఉంటుంది. ఈత నేర్పాలంటే నీళ్లలో దింపాలి కదా. ఇక్కడ నీళ్లంటే ఒక నిజమైన సమస్య. చిన్నదై ఉండాలి, వాళ్లదై ఉండాలి, పన్నెండు వారాల్లో ఎటో ఒకవైపు తేలేదై ఉండాలి. కింద రాసిన మెట్లన్నీ ఆ ఒక్క సమస్య చుట్టూనే తిరుగుతాయి. పాఠాలు ఉంటాయి, కానీ అవసరం పడిన వారమే వస్తాయి.

## 1. మొదలుపెట్టే ముందు తేల్చుకోవాల్సినవి

ఈ పనికి కనీసం మూడు వారాలు పెట్టుకోండి. తొందరపడి మొదలుపెట్టిన బ్యాచ్‌లు నాలుగో వారానికి సగం ఖాళీ అవుతాయి.

- ఎంతమంది: 8 నుంచి 12. అంతకన్నా ఎక్కువైతే వెనక వరస ఒకటి తయారవుతుంది, ఆ వెనక వరస ఏమీ చేయదు.
- ఎంతసేపు: వారానికి ఒక మీటింగ్, గంటన్నర. బయట చేయాల్సిన పని ఇంకో రెండు మూడు గంటలు. ఇది ముందే చెప్పేయండి.
- ట్రైనర్లు: ఇద్దరు. ఒకరు నడిపిస్తుంటే ఇంకొకరు ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు ముడుచుకుపోతున్నారు అని గమనించాలి.
- చోటు: అందరూ మొహమాటం లేకుండా రాగలిగే చోటు. ఒక పార్టీ ఆఫీసులోనో, ఒక పెద్దమనిషి ఇంట్లోనో పెడితే వచ్చేవాళ్లు ముందే వడపోతకు గురవుతారు.
- వేళ: మీటింగ్ టైమే మీ బ్యాచ్‌లో ఎవరుంటారో నిర్ణయిస్తుంది. చంటిపిల్లల తల్లులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు రాలేని వేళ పెట్టుకుని "వాళ్లకు ఆసక్తి లేదండీ" అనుకోవడం అన్యాయం.
- ఖర్చు: డబ్బు ఎవరిస్తున్నారో అందరికీ తెలియాలి. ఇచ్చినవాళ్లకు సమస్యను ఎంచుకునే హక్కు ఉండదని మొదటిరోజే చెప్పాలి.
- ముట్టుకోకూడనివి: శిక్షణ పొందేవాళ్ల ఒంటికి, ఉద్యోగానికి ముప్పు తెచ్చే విషయాలు మొదటి బ్యాచ్‌కి వద్దు. ధైర్యం నేర్పడం మంచిదే, కానీ దెబ్బ తగిలేది వాళ్లకు, మీకు కాదు.

ఇంకా ఒక లావుపాటి నోట్‌బుక్ కొనండి. దాని సంగతి చివర్లో మళ్లీ వస్తుంది.

## 2. మనుషుల్ని ఎంచుకోవడం

దరఖాస్తులు పిలిస్తే బాగా రాయగలిగినవాళ్లు వస్తారు. మైకు ఇస్తే బాగా మాట్లాడేవాళ్లు వస్తారు. మనకు కావాల్సింది నలుగురూ నమ్మేవాళ్లు, వాళ్లలో చాలామంది ఈ రెండు దారుల్లోనూ రారు.

అందుకని వెతకాలి. ఒక ప్రాంతంలో ఇరవై, ఇరవై ఐదు మందిని విడివిడిగా కలిసి రెండే ప్రశ్నలు అడగండి: "ఇక్కడ ఎవరికైనా ఇబ్బంది వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?", "చేస్తానంటే చేసే మనిషి ఎవరు?" ఒకరికొకరు పరిచయం లేని ముగ్గురు నలుగురు ఒకే పేరు చెబితే ఆ మనిషిని వెళ్లి కలవండి. ఆ మనిషి చాలాసార్లు "నాకెందుకండీ నాయకత్వం" అంటారు. అలా అన్నంత మాత్రాన వదిలేయకండి.

ఈ పద్ధతికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటుంది. 1957లో అమెరికాలోని సౌత్ కరోలినా తీరంలో, జాన్స్ ఐలాండ్‌లో, నల్లజాతి పెద్దవాళ్లకు ఓటు నమోదుకు కావాల్సిన చదువు చెప్పడానికి సిటిజన్‌షిప్ స్కూల్ మొదలుపెట్టారు. అందులో మొదటి టీచర్ బెర్నీస్ రాబిన్సన్ వృత్తిరీత్యా బ్యూటీషియన్, అంతకుముందు ఎప్పుడూ పాఠం చెప్పలేదు. కావాలనే అలాంటి మనిషిని ఎంచుకున్నారు, పంతులమ్మలా మీదపడి చెప్పకుండా జనం మాట వినగలదని. ఆమె కూడా ముందుగా "మీకేం నేర్చుకోవాలనుంది?" అనే అడిగింది. వాళ్లు పేరు రాయడం, ఉత్తరం చదవడం, మనీఆర్డర్ ఫారం నింపడం లాంటివి చెప్పారు. క్లాసు అక్కడి నుంచే మొదలైంది.

ఎంచుకున్నాక, మొదటి మీటింగ్ కన్నా ముందే ఒక చిన్న పని అప్పజెప్పండి. ఉదాహరణకు "మీ వీధిలో ఇద్దరితో మాట్లాడి, వాళ్లకు రోజూ విసుగు తెప్పించే విషయం ఏంటో శనివారంలోపు నాకు చెప్పండి." చేసినవాళ్లు సరే. చేయలేకపోయి, శనివారంలోపే ఫోన్ చేసి కుదరలేదని చెప్పినవాళ్లు కూడా సరే. ఏమీ చెప్పకుండా మీటింగ్ రోజు సాకుతో వచ్చినవాళ్ల గురించి మాత్రం ఆలోచించండి.

జాబితా ఖాయం చేసేముందు చూసుకోండి:

- ఆడవాళ్లు కనీసం సగం ఉన్నారా?
- అద్దెకు ఉండేవాళ్లు, కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారా, లేక అందరూ సొంతిల్లు ఉన్నవాళ్లేనా?
- ఒకే కుటుంబం, ఒకే స్నేహబృందం నుంచి ఇద్దరికి మించి ఉన్నారా? ఉంటే తగ్గించండి.
- నడవడానికో వినడానికో ఇబ్బంది ఉన్నవాళ్లు వస్తే చోటు వాళ్లకు అనుకూలంగా ఉందా?

## 3. ఒకటి నుంచి మూడో వారం: వినడం, కేవలం వినడం

ఇక్కడే అందరికీ విసుగు పుడుతుంది. "పని ఎప్పుడు మొదలుపెడతాం?" అంటారు. ఇదే పని అని చెప్పండి.

ఒక్కొక్కరూ ఎనిమిది మందితో ముఖాముఖి మాట్లాడాలి. ఒక్కో మాటామంతీ అరగంట నుంచి ముప్పావుగంట. మొదటిది మీరు పక్కన కూర్చుని చూడండి, రెండోది జంటగా పంపండి, మిగతావి ఒంటరిగా.

నియమాలు ఎక్కువ లేవు:

- చేతిలో ఫారం ఉండకూడదు. ఫారం చూడగానే మనుషులు సర్వేకి చెప్పే జవాబులు చెప్తారు.
- మీరు మాట్లాడేది మూడోవంతు దాటకూడదు.
- "ఏం సమస్యలున్నాయి?" అని అడిగితే అందరూ పేపర్లో చదివిందే చెప్తారు. "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం జరిగిందో చెప్పండి" అని అడగండి, సమస్యలు వాటంతటవే బయటికొస్తాయి.
- "అప్పుడు మీరేం చేశారు?" అన్న ప్రశ్న తప్పనిసరి. ఎవరు ఊరుకుంటారు, ఎవరు కదులుతారు అన్నది ఈ జవాబులోనే తెలుస్తుంది.
- ఏ హామీ ఇవ్వకూడదు. "మేం చూసుకుంటాం లెండి" అన్న మాట నోట్లోంచి వచ్చిందంటే తర్వాత ఆరు నెలలు ఆ మనిషి మీకోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.
- బయటికొచ్చాక పది నిమిషాల్లో నోట్స్ రాసుకోవాలి. రాత్రికి రాద్దామంటే సగం మర్చిపోతారు.

మూడో మీటింగ్‌లో ఒక్కో విషయం ఒక్కో చీటీ మీద రాసి గోడకు అంటించండి. పదిమంది ఎనిమిదేసి మందితో మాట్లాడితే ఎనభై మాటామంతీలు. ఆ గోడ ముందు నిలబడి చూసిన తర్వాత "మన ఏరియా సంగతి నాకు తెలుసు" అనే మాట బ్యాచ్‌లో మళ్లీ వినపడదు.

## 4. నాలుగో వారం: అంశంలోంచి పనికొచ్చే సమస్యను తీయడం

"పారిశుద్ధ్యం బాగోలేదు" అన్నది అంశం. దాని మీద ఎన్ని మీటింగులైనా పెట్టొచ్చు, తెల్లారి ఎవరూ ఏమీ చేయలేరు. "స్కూలు గోడ పక్కన తొట్టి వారానికి రెండుసార్లు తీయాలి, ఒక్కసారే తీస్తున్నారు" అన్నది సమస్య. అందులో చోటు ఉంది, లెక్క ఉంది, ఎవరో ఒకరు చేయాల్సిన పని ఉంది. బ్యాచ్ చేత గోడ మీది అంశాలను ఇలాంటి వాక్యాలుగా తిరగరాయించండి. మొదటిసారి ఎవరికీ రాదు. మూడు నాలుగుసార్లు రాసి కొట్టేయాల్సిందే.

ఆ తర్వాత ఒక్కటి ఎంచుకోవాలి. రెండు కాదు, ఒక్కటే. దీనికి నేను వాడే జల్లెడ:

- చాలామందికి ఇది నిజంగా బాధ పెడుతోందా, లేక మనకే చిరాకుగా ఉందా?
- పరిష్కారం ఎలా ఉంటుందో కళ్లకు కట్టినట్టు చెప్పగలమా?
- నిర్ణయం తీసుకోగలిగిన మనిషి మనకు అందుబాటులో ఉన్నారా?
- ఎనిమిది వారాల్లో తేలే అవకాశం ఉందా?
- దీనికోసం కనీసం పాతికమంది ఒక సాయంత్రం బయటికొస్తారా?
- ఇది ఇక్కడివాళ్లను రెండు ముక్కలు చేస్తుందా? చేసేదైతే మొదటి సమస్యగా వద్దు.

ఓటింగ్ పెట్టేముందు ప్రతి సమస్య తరఫున ఒకరు రెండు నిమిషాలు మాట్లాడాలి, వ్యతిరేకంగా ఇంకొకరు రెండు నిమిషాలు. ఓడిపోయిన సమస్యలను నోట్‌బుక్‌లో భద్రంగా రాయండి. చెత్తబుట్టలో వేస్తే అవి తెచ్చినవాళ్లు మనసులో కట్టుకుని పోతారు.

మరీ చిన్నది కదా అని సిగ్గుపడేవాళ్లు ఉంటారు. ఒక దీపం వెలిగించలేని గుంపు రోడ్డు వేయించలేదు అని నేనైతే మొహం మీదే చెప్తాను.

## 5. ఐదో వారం: కారణం తవ్వడం, ఆధారం కూర్చడం

టయోటా వ్యవస్థాపకుల కుటుంబంలోని సకిచి టొయోడా పేరుమీద ప్రచారంలో ఉన్న "ఐదుసార్లు ఎందుకు" అనే పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. ఐదు అన్నది లెక్క కోసమే, నాలుగింటికే దొరకొచ్చు, ఏడు పట్టొచ్చు.

ఒక బ్యాచ్‌లో మేం నాలుగురోడ్ల కూడలిలో వెలగని దీపాన్ని తీసుకున్నాం. ఎందుకు వెలగట్లేదు? బల్బు మాడింది. ఇంతకుముందు మార్చారుగా, మళ్లీ ఎందుకు మాడింది? వాన పడినప్పుడల్లా స్తంభం మీది పెట్టెలోకి నీళ్లు పోతున్నాయి. ఎందుకు? పెట్టెకు మూత లేదు. మూత లేదని ఎవరూ ఎందుకు చెప్పలేదు? చెప్పారు, కానీ ఫిర్యాదు పుస్తకంలో "బల్బు మార్చాలి" అనే గడి ఒక్కటే ఉంది, మూత అని రాయడానికి గడి లేదు. కాబట్టి ప్రతిసారీ బల్బే మార్చారు. బ్యాచ్ అప్పటిదాకా కొత్త బల్బు అడుగుదామనే కూర్చుంది. ఈ గంట తర్వాత అడగాల్సింది మూత అని అర్థమైంది.

తవ్వేటప్పుడు "వాళ్లకు బాధ్యత లేదు" అన్న జవాబు వస్తే దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అది కారణం కాదు, కోపం. ఇంకోసారి "ఎందుకు" అడగండి.

ఆధారాల విషయంలో ఇవి పాటించండి:

- రెండు వారాలు రోజూ ఒకే వేళ, ఒకే చోట నిలబడి ఫోటో తీయాలి. తేదీ రాసుకోవాలి.
- లెక్కలు మనుషులు లెక్కపెట్టినవై ఉండాలి. "రోజూ వందలమంది" అని రాయకండి. "సాయంత్రం 6 నుంచి 7 దాకా 64 మంది నడిచారు, మేం లెక్కపెట్టాం" అని రాయండి.
- అడగకుండా మనుషుల ముఖాలు, పిల్లల ఫోటోలు వద్దు.
- ఇంతకుముందు ఎవరు, ఎప్పుడు ఫిర్యాదు చేశారో కనుక్కోండి. పాత కాగితం ఒక్కటి దొరికినా బలం.
- మన వాదనకు వ్యతిరేకంగా ఉన్న లెక్క దొరికితే దాచకండి. అవతలివాళ్లు దాన్ని బయటపెట్టేకన్నా మీరే చెప్పుకోవడం మేలు.

## 6. ఆరో వారం: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

ఈ మెట్టు దాటేసిన బ్యాచ్‌లు వాళ్ల బలమంతా తప్పు గుమ్మం ముందు ఖర్చు చేస్తాయి. చెత్త బండి తోలే మనిషిని నిలబెట్టి తిడతారు, ఆయన చేతిలో ఏముంది? బండి ఎన్ని రోజులు రావాలో రాసేది ఇంకెవరో.

పెద్ద కాగితం మీద నిలువు గీత, అడ్డు గీత గీయండి. పైకి వెళ్లేకొద్దీ నిర్ణయం మీద పట్టు ఎక్కువ, కుడికి వెళ్లేకొద్దీ మనకు సానుకూలం. ఇప్పుడు ఒక్కొక్క పేరూ చీటీ మీద రాసి ఎక్కడ అంటించాలో వాదించుకోండి. "ప్రభుత్వం", "ఆఫీసువాళ్లు", "పెద్దలు" అనే చీటీలు నిషేధం. హోదా, మనిషి పేరు ఉండాలి.

కాగితం నిండాక మూడు ప్రశ్నలు వేసుకోవాలి. సంతకం పెట్టేది ఎవరు? ఆ మనిషి ఎవరి మాట వింటారు? మనం గెలిస్తే ఎవరికి నష్టం, లేదా అదనపు పని? మూడోది అడగడం అందరూ మర్చిపోతారు. అడ్డుపడేవాళ్లందరూ దుర్మార్గులు కారు, చాలాసార్లు మన కోరిక వాళ్ల నెత్తిన ఇంకో గంట పని పెడుతుంది. ముందే వెళ్లి మాట్లాడితే సగం అడ్డంకి అక్కడే కరుగుతుంది.

పైన ఎడమవైపు ఉన్నవాళ్లను, అంటే పట్టు ఉండి మనకు వ్యతిరేకంగా ఉన్నవాళ్లను, కుడి చివరికి లాగాలని చూడకండి. మధ్యకు వచ్చి ఊరుకుంటే చాలు.

## 7. ఏడో వారం: మీటింగ్ నడపడం

ఏడో వారం దాకా మీటింగులు మీరు నడిపారు. ఇక్కడి నుంచి వాళ్లు నడపాలి, మీరు వెనక కుర్చీలో కూర్చోవాలి. మొదటి మీటింగ్ అధ్వాన్నంగా ఉంటుంది. నాలుక కరుచుకుని ఊరుకోండి.

ముగ్గురికి మూడు పనులు: ఒకరు నడపడం, ఒకరు టైం చూడటం, ఒకరు రాయడం. ప్రతి వారం మారాలి. రాసే పని ఎప్పుడూ ఆడవాళ్లకే పోతుంటే అక్కడే ఆపి అడగండి. గంటన్నరలో వాళ్లు నడిపే అరవై నిమిషాలకు ఈ కొలత సరిపోతుంది:

- 5 నిమిషాలు: ఈరోజు ఏం తేల్చాలి అన్నది చదవడం
- 10 నిమిషాలు: పోయినవారం ఒప్పుకున్న పనులు, అయ్యాయా లేదా, అంతే
- 30 నిమిషాలు: ముఖ్య విషయం ఒక్కటి
- 10 నిమిషాలు: ఎవరు, ఏమిటి, ఎప్పటికల్లా
- 5 నిమిషాలు: ఈ మీటింగ్ ఎలా జరిగింది

ఆ నాలుగోదే ప్రాణం. "మళ్లీ కలిసి మాట్లాడదాం" అన్నది నిర్ణయం కాదు. "ఫలానా ఆవిడ బుధవారం లోపు ఫిర్యాదు నంబర్ కనుక్కుని గ్రూపులో పెడుతుంది" అన్నది నిర్ణయం. రాసుకున్న వాక్యంలో మనిషి, పని, తేదీ మూడూ లేకపోతే దాన్ని చదివి వినిపించి మళ్లీ రాయించండి.

ఒక్కరే మాట్లాడుతుంటే వాదన పెట్టుకోకుండా వంతులవారీగా ఒక రౌండు వేయించండి. ఎప్పుడూ మాట్లాడనివాళ్లను హఠాత్తుగా "మీరు చెప్పండి" అంటే బిగుసుకుపోతారు, ముందు పక్కనున్నవాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాత అడిగితే చెప్తారు.

డబ్బు వసూలు చేయాల్సి వస్తే, అది ఎంత చిన్న మొత్తమైనా, ఇద్దరి సంతకం, ప్రతి ఖర్చుకూ కాగితం, వారం వారం గ్రూపులో లెక్క. మంచి గుంపులు విడిపోయేది సిద్ధాంతాల మీద కన్నా లెక్కల మీదే ఎక్కువ.

## 8. ఎనిమిదో వారం: అడగడం

ముందు కాగితం. వినతిపత్రం ఒక పేజీ దాటకూడదు. వరస ఇది: ఎక్కడ ఏం జరుగుతోంది (రెండు వాక్యాలు), ఆధారం (లెక్క, తేదీలు), దానివల్ల ఎవరికి ఏమవుతోంది, మేం కోరేది ఏమిటి, ఏ తేదీలోపు, ఎవరిని సంప్రదించాలి. మొదటి పేరాలో పొగడ్తలు, చివరి పేరాలో హెచ్చరికలు కొట్టేయండి. రెండు కాపీలు, ఒకదాని మీద అందినట్టు సంతకం, తేదీ.

తర్వాత రిహార్సల్. ఇది సిగ్గుగా ఉంటుందని చాలామంది ట్రైనర్లు వదిలేస్తారు, నా దృష్టిలో మొత్తం పన్నెండు వారాల్లో ఎక్కువ నేర్పేది ఇదే. మీరు అధికారిగా కూర్చోండి. ఫోన్ చూసుకోండి, మధ్యలో ఎవరితోనో మాట్లాడండి, అన్నిటికీ తల ఊపండి.

ఒకసారి నేను అలా కూర్చున్నాను. ముగ్గురు వచ్చారు. అందులో ఒకమ్మాయి చక్కగా, తడబడకుండా అంతా చెప్పింది, ఫోటోలు వరసగా టేబుల్ మీద పెట్టింది. నేను "చూద్దాం" అన్నాను. వెంటనే "థాంక్యూ సార్" అని ముగ్గురూ లేచి నిలబడ్డారు. గదంతా నవ్వు. వాళ్లకూ నవ్వొచ్చింది, కానీ నవ్వు ఆగాక ఆ అమ్మాయే అంది: "మనకేం ఇచ్చాడు? ఏమీ ఇవ్వలేదుగా!" రెండోసారి ఆడినప్పుడు "చూద్దాం" అనగానే "ఎప్పటికల్లా చూస్తారు సార్?" అంది. నేను వచ్చేవారం అన్నాను. "అయితే వచ్చే గురువారం పదిన్నరకు రమ్మంటారా?" అని నోట్‌బుక్ తీసింది. ఆ నోట్‌బుక్ చూడగానే, ఉత్తుత్తి అధికారిని అయినా, నాకే కొంచెం టెన్షన్ వచ్చింది.

రిహార్సల్లో ఈ జవాబులన్నీ ఎదురవ్వాలి:

- "చూద్దాం." (ఎప్పటికల్లా అని అడగాలి)
- "ఇది మా పరిధి కాదు." (మరి ఎవరి పరిధి, వాళ్లకు మీరు ఒక కాగితం రాస్తారా)
- "నిధులు లేవు." (ఎంత కావాలి, ఎప్పుడు వస్తాయి, ఈలోపు ఖర్చు లేకుండా ఏం చేయొచ్చు)
- "మీరెవరు అడగడానికి?" (గొంతు పెంచకుండా ఎంతమంది తరఫున వచ్చారో చెప్పాలి)
- "అలాగే, చేసేద్దాం." (సంతోషపడి లేవకూడదు, ఎవరు చేస్తారు, ఏ రోజు అని రాసుకోవాలి)

ముగ్గురు వెళ్తే ముగ్గురికీ పని ఉండాలి. ఒకరు చెప్పాలి, ఒకరు ఆధారాలు చూపాలి, ఒకరు అవతలివాళ్లు అన్న మాటలను అన్నట్టే రాయాలి. వెనక ఉత్తినే నిలబడటానికి నాలుగో మనిషి వద్దు.

## 9. తొమ్మిది, పది వారాలు: వెంటపడటం

కలిసొచ్చిన రోజు సాయంత్రమే ఒక చిన్న ఉత్తరం వెళ్లాలి: "ఈరోజు మీరు మాకు టైం ఇచ్చారు, మీరు చెప్పినవి ఇవి, మేం చేస్తామన్నవి ఇవి, వచ్చే గురువారం కలుస్తాం." ఇందులో తప్పుంటే వాళ్లే సరిచేస్తారు, చేయకపోతే అది ఒప్పుకున్నట్టే.

చెప్పిన తేదీ దాటితే ఏం చేయాలో ముందే మెట్లుగా రాసుకోండి. ఫోన్, మళ్లీ కలవడం, పై అధికారికి కాగితం, పదిమందితో వెళ్లడం, స్థానిక పత్రికకు చెప్పడం. ఒక్కో మెట్టు దగ్గర ఆగి జవాబు కోసం చూడాలి. మొదటి రోజే చివరి మెట్టు ఎక్కి కూర్చుంటే ఆ తర్వాత ఎక్కడానికి ఏమీ ఉండదు.

ఒక వలలో మాత్రం చాలామంది పడతారు. "మీలాంటివాళ్లు కావాలి, మిమ్మల్ని సలహా కమిటీలో వేస్తాం" అంటారు. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది, అందులో ఇలా కుర్చీ వేసి బుజ్జగించడం ఐదో మెట్టు. మాట వింటారు, నిర్ణయం మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుంది. కుర్చీ తీసుకోవద్దని కాదు, "ఈ కమిటీ దేన్ని నిర్ణయించగలదు?" అని అడిగి తీసుకోమని.

## 10. పదకొండో వారం: గెలిచినా ఓడినా సమీక్ష

నాలుగు ప్రశ్నలు: ఏం జరగాలనుకున్నాం? ఏం జరిగింది? తేడా ఎందుకొచ్చింది? ఈసారి ఏది అలాగే ఉంచుతాం, ఏది మారుస్తాం? అందరూ గుండ్రంగా కూర్చోవాలి, ట్రైనర్లు చివర్లో మాట్లాడాలి, మనుషుల పేర్లకు బదులు పనుల గురించే మాట్లాడాలి.

ఓడిపోతే ఈ మీటింగ్ వాయిదా వేయాలనిపిస్తుంది. వేయకండి. వారం ఆలస్యమైతే తప్పు ఎవరిదో అందరూ విడివిడిగా తేల్చేసుకుంటారు, ఆ తర్వాత కలిసి కూర్చున్నా ఉపయోగం ఉండదు. గెలిస్తే ఇంకో ప్రమాదం, ఘనతంతా ఒక్కరి ఖాతాలో పడుతుంది. ఎవరు ఏం చేశారో నోట్‌బుక్ చూసి పైకి చదవండి.

## 11. తరచూ ఎదురయ్యే చిక్కులు

సగం మంది రావడం మానేశారు. కారణం గ్రూపులో అడగకండి, ఒక్కొక్కరినీ కలవండి. చాలాసార్లు వాళ్లకు పని లేకపోవడమే కారణం. ఖాళీ చేతులతో ఎవరూ మూడోసారి రారు.

వాట్సాప్ గ్రూపు శుభోదయాలతో నిండిపోయింది. రెండు గ్రూపులు పెట్టండి. ఒకటి కబుర్లకు, ఇంకొకటి పని, తేదీ, లెక్కలకు మాత్రమే.

ఒక పార్టీ వాళ్లు వచ్చి బ్యానర్ కట్టారు. గొడవకు దిగొద్దు. అందరి దగ్గరా ఒకే మాట చెప్పండి: ఎవరు సాయం చేసినా తీసుకుంటాం, వేదిక ఎవరికీ ఇవ్వం. ఈ మాట చిక్కు రాకముందే, రెండో వారంలోనే రాసి పెట్టుకోవాలి.

ఒక్కరే అన్నీ చేస్తున్నారు. మెచ్చుకోవాలనిపిస్తుంది, కానీ ఆ మనిషి అలసిపోయిన రోజు పనంతా ఆగిపోతుంది. వాళ్లకు ఒక నియమం పెట్టండి: ఏ పని చేసినా పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని చేయాలి, రెండోసారి ఆ ఇంకొకరే చేయాలి.

ట్రైనరే నాయకుడైపోయాడు. ఇది మన జబ్బు. ఆఫీసు నుంచి ఫోన్ మీకే వస్తుంది, జనం మీకే దండం పెడతారు, అది బాగుంటుంది కూడా. ఫోన్ వస్తే "ఫలానా వాళ్లతో మాట్లాడండి" అని నంబర్ ఇచ్చి పెట్టేయండి. నేను మొదటి బ్యాచ్‌లో ఇది చేయలేక అందరి పనీ నేనే చేసిపెట్టాను. మూత వచ్చింది, దీపం వెలిగింది, నేను రావడం ఆపగానే గుంపు కూడా కలవడం ఆపేసింది.

## 12. పన్నెండో వారం: అప్పగింత

కొత్త సమస్యను వాళ్లే ఎంచుకోవాలి, నాలుగో వారంలో ఓడిపోయినవి నోట్‌బుక్‌లో ఎలాగూ ఉన్నాయి. ప్రతి ఒక్కరూ తమతో పాటు ఒక కొత్త మనిషిని తీసుకురావాలి, ఆ మనిషికి మొదటి చిన్న పని వాళ్లే ఇవ్వాలి, మీరు కాదు. నోట్‌బుక్, ఫోటోలు, ఫోన్ నంబర్లు, మిగిలిన డబ్బు, లెక్క, అన్నీ అందరి ముందు వాళ్ల చేతిలో పెట్టి వచ్చేయండి. పని గ్రూపులోంచి కూడా బయటికి రండి. మొదటి రెండు వారాలు చేయి దురద పెడుతుంది.

ఆరు నెలల తర్వాత ఒకసారి వెళ్లండి. ముందే చెప్పి వెళ్లండి, తనిఖీలా ఉండకూడదు. వెళ్లినప్పుడు అడగాల్సినవి:

- మీరు పరిష్కరించింది ఇంకా పనిచేస్తోందా? పాడైతే ఎవరు చూశారు?
- ఆ తర్వాత ఇంకేం ఎత్తుకున్నారు?
- మీటింగ్ ఆఖరిసారి ఎప్పుడు జరిగింది, ఎవరు నడిపారు?
- మొదటి బ్యాచ్‌లో లేనివాళ్లు ఇప్పుడు ఎంతమంది వస్తున్నారు?
- నోట్‌బుక్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది?